తామ్రపర్ణి మొగలో మానవుని తొలి కాపురాలు

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో సిద్ధాంతిగారు ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదివే వేళకు మనలో సగంమంది చూపు ప్రసాదపు గిన్నె మీదికి పోతుంది. ఒక్క ఘట్టంలో మాత్రం మన పెద్దలు తప్పక చెవి ఒగ్గేవారు. ఈ యేటి వర్షం ఇన్ని ఆఢకాలనీ, అందులో సముద్రానికి ఇన్ని పాళ్లు, కొండలకు ఇన్ని పాళ్లు, భూమికి ఇన్ని పాళ్లనీ పంచి చెప్పే ఘట్టమది. కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతాల నల్లరేగడి మీద ఆకాశం వంక చూస్తూ బతికిన కుటుంబాలు గదా మనవి! భూమి పాలు తగ్గిందంటే ముఖాలు చిన్నబోయేవి.

అయితే ఈ పంపకంలో ఒక చిక్కున్నది. సముద్రానికీ భూమికీ నడుమ సరిహద్దు రాయి పాతినవారెవరు? నది సముద్రంలో కలిసే చోట ఆ సరిహద్దు ఒకచోట నిలవదు. ఇవాళ నీరున్న చోట వెయ్యేళ్లకు బురద, మరి వెయ్యేళ్లకు పైరు. ఒక్కొక్కప్పుడు ఇది తిరగబడి పైరున్న చోటికి ఉప్పునీరు వస్తుంది. ఈ జరిగే గట్టును అంటిపెట్టుకొనే మానవుడు కాపురాలు పెట్టుకొన్నాడు. గట్టు జరిగినప్పుడల్లా తానూ జరిగాడు. ఈ సంగతి తెలుసుకోవడానికి నైలు నదికో యూఫ్రటీసుకో పోనక్కరలేదు. కోవిల్‌పట్టిలో తెల్లవారి బస్సెక్కితే ఎండ ముదరకముందే తామ్రపర్ణి ఒడ్డుకు చేరవచ్చు.

మేము చరిత్ర పండితులము కాము. ఒకరు పదవీ విరమణ చేసిన బడిపంతులు, ఒకరు మందుల దుకాణంవారు, ఒకరు అగ్గిపెట్టెల కార్ఖానాలో ముప్పైయేళ్లు లెక్కలు రాసినవారు. సెలవు దినాలలో పులిహోర పొట్లాలు కట్టించుకొని తిరిగి, దొరికిన పుస్తకాలు చదివి, తెలిసినవారిని విసిగించి అడిగి కూర్చుకొన్నది ఈ వ్యాసం.

ముందు సముద్రం సంగతి. సుమారు 20,000 సంవత్సరాల కిందట భూగోళపు ఉత్తర భాగంలో చాలామేర నేల మంచుగడ్డ కింద ఉండేది. నీరు మంచుగా గట్టిపడి నేల మీదనే నిలిచిపోవడంవల్ల సముద్రమట్టం నేటికంటే సుమారు 120 మీటర్లు దిగువన ఉండేది. రామేశ్వరానికీ శ్రీలంకకూ మధ్యనున్న లోతులేని సముద్రం అప్పుడు పొడినేల. వానరసేన సాయం లేకుండానే మనుషులూ మృగాలూ అటూ ఇటూ నడిచిపోయే కాలమది. పిదప మంచు కరగసాగింది. సముద్రం పైకి పైకి వచ్చి, ఇప్పటికి సుమారు ఏడువేల ఏళ్ల కిందట ఆ పరుగు తగ్గించింది.

ఈ మాట చెప్పగానే మన తమిళ మిత్రులు కొందరు, కడలి మింగిన కుమరి ఖండం అదే గదా అంటారు. సముద్రం నేలను మింగినమాట నిజమే. కాని ఖండాన్ని ఒక్క గుక్కలో మింగలేదు. సగటున చూస్తే ఒక మనిషి అరవై యేళ్ల జీవితంలో మట్టం మోకాలి ఎత్తు పెరిగి ఉంటుంది. అయితే నేల చదునుగా ఉన్న తీరంలో మోకాలి ఎత్తు అంటే ఒక ఊరి పొలిమేర. తాత చేపలు ఎండబెట్టిన చోట మనుమడు వల విసిరి ఉంటాడు. ఆ తీరపు మనుషులు వదలిన గుర్తులన్నీ నేడు మన్నారు సింధుశాఖ అడుగున ఇసుకలో ఉన్నవి. ఈ కథలో మొదటి సగాన్ని అందరూ చెప్పుకొంటారు. రెండవ సగాన్ని ఎవరూ పట్టించుకోరు. ఏమనగా, సముద్రం మింగినదానిలో కొంత నేలను నదులు మళ్లీ కక్కించినవి.

సముద్రం తొందరగా పైకి వచ్చేటప్పుడు నది తెచ్చిన ఒండ్రుకు నిలువ నీడ ఉండదు. మట్టం నిలకడకు వచ్చిన తరువాతనే మేట వేయగలదు. ప్రపంచంలోని పెద్ద డెల్టాలన్నీ ఇంచుమించు ఒకే కాలంలో, ఇప్పటికి 8,500 – 6,500 సంవత్సరాల మధ్య మొదలైనవని స్టాన్లీ, వార్న్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1994లో చూపారు. అంటే డెల్టా అనేది అనాదిగా ఉన్న నేల కాదు. మనిషి చేతిలో రాతి పనిముట్లు పట్టుకొని చూస్తూ ఉండగా పుట్టిన నేల.

అది పుట్టే తీరు ఇది. అలలు తీరం వెంబడి ఇసుకను కట్టగా పోస్తవి. ఆ కట్ట వెనుక ఉప్పునీరు చిక్కుకొని మడుగవుతుంది. నది ఆ మడుగులో బురద దింపుతుంది. అంచుల్లో మడచెట్లు, తుంగ, జమ్ము పెరుగుతవి. చేపలు గుడ్లు పెట్టడానికి వస్తవి, వాటి కోసం కొంగలు వస్తవి, కొంగల కోసమూ చేపల కోసమూ మనిషి వస్తాడు. మడుగు పూడి నేల గట్టిపడేసరికి సముద్రం ఇంకొంచెం దూరంలో మరొక కట్ట పోస్తుంది. ఉప్పుటేరు, మొగ, మేట, లంక, పర్ర, తిప్ప – ఈ వ్యవహారానికి గోదావరి, కృష్ణా సీమల తెలుగులో ఎన్ని మాటలో! ఇక్కడ పుట్టిన మన పిల్లలకు లంక అంటే రావణుడే గుర్తుకు వస్తాడు. అది వారి తప్పు కాదు. నాలుగైదు వందల ఏళ్ల కిందట మన పెద్దలు వచ్చి దిగిన ఈ మెట్టసీమలో ఆ మాటలకు పని లేకపోయింది. పని లేని మాట ఇంట నిలవదు.

ఆ మాటలు పుట్టిన సీమలోనే దీనికి మంచి సాక్ష్యం ఉన్నది. కృష్ణా గోదావరుల నడుమ ఉన్న కొల్లేరు ఈనాడు మంచినీటి సరస్సు, సముద్రానికి ముప్పై కిలోమీటర్లకు పైగా లోపల. సుమారు ఆరువేల ఏళ్ల కిందట సముద్రపు అలలు దాని దాపునే కొట్టుకొనేవి. అటు గోదావరి, ఇటు కృష్ణ పోటీపడి సముద్రంలోకి మట్టి తోస్తూ పోగా, మధ్యనున్న ఉప్పునీటి మడుగు వెనుకబడిపోయి కొల్లేరయింది. పాత తీరాల గుర్తులుగా ఇసుక మెరకలు వరుసలు వరుసలుగా నేటికీ కనిపిస్తవి. ఊళ్లు ఆ మెరకల మీద, వరిచేలు వాటి మధ్య పల్లాలలో. రెండవ శతాబ్దిలో టాలమీ పేర్కొన్న కంటకస్సుల రేవు మన ఘంటసాలే అంటారు. నేడు ఘంటసాలలో నిలబడితే సముద్రపు హోరు వినిపించదు. ఇంత పెద్ద డెల్టాలో అతిప్రాచీనుల గుర్తులు అరుదుగా దొరకడానికి కారణం కూడా ఇక్కడే ఉన్నది. కొంత నేల అప్పటికి పుట్టనే లేదు. పుట్టినదాని మీద తరువాతి ఒండ్రు దుప్పటి కప్పింది. గుర్తులు లేవని మనుషులు లేరనుకోవడం తొందరపాటు.

తామ్రపర్ణి చిన్న నది. పొదిగై కొండలలో పుట్టి, నూట పాతిక కిలోమీటర్లకు కొంచెం పైగా నడిచి, పున్నైకాయల్ దగ్గర మన్నారు సింధుశాఖలో కలుస్తుంది. గోదావరి మూటకట్టి దాచినదాన్ని ఈ చిన్న నది మన కళ్లముందు పరచి పెట్టింది. అందుకు కారణం తేరీలు.

తేరీ అంటే ఎర్ర ఇసుక దిబ్బ. తిరుచెందూరు, సాత్తాన్‌కుళం, సాయర్‌పురం ప్రాంతాలలో చూడవచ్చు. మొదటిసారి చూసినవారికి కుంకుమ ఆరబోసినట్లుంటుంది. మధ్యాహ్నం పూట అక్కడ నడిచిన మాకు ఆ ఉపమానం కంటే నిప్పులగుండమే తగిన ఉపమానమని తోచింది. ఇనుము తుప్పు రేణురేణువునూ పట్టడంవల్ల ఆ రంగు. తాటిచెట్టు తప్ప మరొకటి సుఖంగా పెరగదు. ఇటువంటిచోట మనిషి కాపురమేమిటి? కాని ఉన్నాడు. 19వ శతాబ్ది చివర బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త సాయర్‌పురం దగ్గర చిన్న చిన్న రాతి పనిముట్లు ఏరాడు. గోరంత బద్దలు, నెలవంక ఆకారపు అంచులు, బాణపు మొనలు. కర్రకో ఎముకకో బంక పెట్టి అతికించుకొని వాడుకొనేవి. ఆ తరువాత జాయ్‌నర్, బ్రిజెట్ ఆల్చిన్ అనే పరిశోధకులు ఈ తేరీల మీద 1956లో ఒక వ్యాసం ప్రకటించారు. అప్పటి సముద్రమట్టం నేటికంటే కొంచెం ఎత్తున ఉండేదనీ, దిబ్బల వెనుక ఉప్పునీటి మడుగులు ఉండేవనీ, ఈ పనిముట్లవారు అక్కడ చేపలు, పక్షులు పట్టి బతికేవారనీ వారి అభిప్రాయం. కాలం క్రీస్తుకు పూర్వం 4000 ప్రాంతమని లెక్కగట్టారు. ఇసుక రేణువు చివరిసారి వెలుతురు చూసిన కాలాన్ని కొలిచే పద్ధతులు తరువాత వచ్చినవి. వాటిని బట్టి కొన్ని దిబ్బల అడుగు ఇసుక ఇంకా పాతదని తేలింది. కాలం అటూ ఇటూ అయినా, మనిషి ఎక్కడ నిలబడ్డాడన్నది మారలేదు. మడుగుకు దగ్గర, మెరక మీద.

తేరీ మీద నిలబడి మేము మొదట పొరబడినది ఇక్కడే. ఈ ఎండలో వీరెట్లా బతికారని ఒకరినొకరు అడుగుకొన్నాము. వారు బతికినది ఈ ఎండలో కాదు. దిబ్బ కింద నీరు, నీటి అంచున చెట్టు, చెట్టు మీద పిట్ట ఉన్న చోట బతికారు. మడుగు పోయింది, దిబ్బ మిగిలింది. ఆరిపోయిన చెరువులో మిగిలిన మెట్లను చూసి ఇక్కడివారు స్నానం ఎక్కడ చేశారని అడిగినట్లున్నది మా ప్రశ్న.

ఇట్లా నీటి మధ్య మెరకను వెదుక్కొన్నవారు వీరొక్కరే కారు. నైలు డెల్టాలో బురద మైదానం నుంచి పైకి తేలిన ఇసుక మెరకలను తాబేటి వీపులంటారు. ఫరోల రాజ్యానికి ముందటి ఊళ్లూ శ్మశానాలూ వాటి మీద దొరికినవి. చీనా దేశంలో యాంగ్సీ మొగకు దక్షిణాన, హాంగ్‌చౌ సమీపంలో క్వాహూచ్యావ్ అనే చోట సుమారు 7,700 ఏళ్ల కిందట కొందరు చిత్తడిలోని పొదలను తగులబెట్టి, నీటిని అదుపులో పెట్టుకొని వరి పండించారు. ఒకటి రెండు వందల ఏళ్లు అయిందో లేదో సముద్రం పైకి వచ్చి ఆ ఊరిని కప్పివేసింది. మడుగు పెట్టిన అన్నం, మడుగే తీసికొన్నది.

తామ్రపర్ణి ఒడ్డున వరి వచ్చేసరికి మనుషుల లెక్క మారింది. వేటగానికి మెరక మీద పడుకోవడానికి జాగా ఉంటే చాలు. సేద్యగానికి మెరకా కావాలి, పల్లమూ కావాలి, రెండింటికీ హద్దు కావాలి. ఈ హద్దును ఆదిచ్చనల్లూరులో కంటితో చూడవచ్చు.

శ్రీవైకుంఠానికి దగ్గర, నదికి దక్షిణపు ఒడ్డున ఉన్నది ఆదిచ్చనల్లూరు. బెర్లిన్ నుంచి వచ్చిన యాగర్ 1876లో అక్కడ మొదట తవ్వి, దొరికినవి తనతో తీసికొనిపోయాడు. తరువాత అలెగ్జాండర్ రే 1899 – 1905 మధ్య తవ్వాడు. 114 ఎకరాల శ్మశానం అది! మనిషి కూర్చునేటంత మట్టి కుండలలో ఎముకలు, ఇనుప కత్తులు, కంచు పాత్రలు, నుదుటికి కట్టే బంగారు పట్టీలు, వరి పొట్టు. మళ్లీ 2004 – 2005లో భారత పురావస్తుశాఖ తరఫున సత్యమూర్తిగారి ఆధ్వర్యంలో తవ్వినప్పుడు నూట అరవైకి పైగా కుండలు బయటపడినవి. 2023లో అక్కడనే ప్రదర్శనశాల తెరిచారు. నేలలో తవ్విన గుంటలను, అందులోని కుండలను అద్దం మీద నడుస్తూ చూడవచ్చు. మా బృందంలో ఒకరు, పితృదేవతల మీద నడవనని ఒడ్డునే నిలబడిపోయారు. వారిని మేము బలవంతపెట్టలేదు.

మమ్మల్ని ఎక్కువగా ఆపినది బంగారం కాదు, నేల. ఆ శ్మశానం చౌడో చిత్తడో కాదు, పలుగురాళ్ల మెరక. తమిళంలో పరంబు అంటారు. నీరెక్కదు, నాగలి దిగదు. అట్టి రాతినేలలో గుంటలు తొలిచి మరీ కుండలు దించారు. మెత్తని ఒండ్రు రెండడుగుల దూరంలో ఉండగా ఇంత కష్టమెందుకు పడ్డారు? మెత్తని నేల అన్నం పెట్టే నేల కనుక. పల్లం పైరుకు, గట్టు ఇంటికి, పరంబు పితరులకు. రెవెన్యూ కచేరీలు పుట్టకముందే, కరణాలు లేకముందే ఇంత ఖచ్చితంగా భూమిని వర్గీకరించినవారిని అనాగరికులనే నోరు మాకు రాలేదు.

2004లో అక్కడ దొరికిన ఒక కుండపెంకు మీద మట్టితోనే అతికించిన బొమ్మలున్నవి. ఒక స్త్రీ, పక్కన వరిపైరు, ఒక కొంగ, ఒక జింక, ఒక మొసలి ఉన్నవని తవ్వినవారు చెప్పారు. చావుకుండలో పెట్టిన పెంకు మీద దేవతను చెక్కలేదు, రాజును చెక్కలేదు. తమ ఊరి చిత్తడిని చెక్కుకొన్నారు.

నదికి ఆవలివైపు శివగళై. అదీ పరంబే. తమిళనాడు పురావస్తుశాఖ 2019 నుంచి తవ్వినప్పుడు ఒక కుండలో వరి దొరికింది. దాని కాలం క్రీస్తుకు పూర్వం 1155 అని 2021లో ప్రకటించారు. అక్కడి ఇనుము ఇంకా రెండువేల ఏళ్లు పాతదని 2025 జనవరిలో వెలువడిన మాట మీద పండితులలో చర్చ లేచింది. ఇనుము సంగతి పండితులకు వదిలిపెడదాము. మూడువేల ఏళ్ల కిందట ఈ నది పల్లంలో పండిన గింజలను చనిపోయినవారికి తోడు పంపారన్నది మాత్రం చేతికి అందిన సాక్ష్యం.

ఇక కొర్కై. సంగ సాహిత్యంలో పేరుపొందిన ముత్యాల రేవు, పాండ్యుల పట్టణం. గ్రీకులు కొల్ఖోయి అన్నది దీనినే. ఏరల్ మీదుగా అక్కడికి పోయినవారు మొదట అడిగే ప్రశ్న, సముద్రమేది? అని. సముద్రం ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్నది. చుట్టూ అరటితోటలు, వరిచేలు, మధ్యలో ఒక చెరువు. బిషప్ కాల్డ్వెల్ 1870ల నాటికే ఈ చిక్కు విప్పాడు. తవ్విచూస్తే పైన ఒండ్రుమట్టి, దాని కింద సముద్రపు ఇసుక, గుల్లలు! నది పోసిన మట్టి కారణంగా సముద్రం దూరమై, కొర్కై రేవు పనికిరాకపోయింది. వర్తకులు సముద్రాన్ని వెంబడించి కాయల్ కట్టుకొన్నారు. 13వ శతాబ్ది చివర మార్కోపోలో మెచ్చుకొన్న రేవు అది. దానికీ అదే గతి పట్టింది. ఆ ఊరిని నేడు పళయకాయల్, అంటే పాత కాయల్, అంటారు. పదహారవ శతాబ్దిలో పోర్చుగీసువారు వచ్చేసరికి రేవు పున్నైకాయల్‌కు జరిగింది. చివరకు తూత్తుకుడి అందరి పేరూ తుడిచిపెట్టింది. 1881లో ప్రకటించిన తిరునెల్వేలి చరిత్రలో కాల్డ్వెల్ ఈ వలసను చెప్పాడు. 1968 – 69లో తమిళనాడు పురావస్తుశాఖ కొర్కైలో తవ్వినప్పుడు దొరికిన బొగ్గు కాలం క్రీస్తుకు పూర్వం 785 అని తేలింది. కాయల్ అన్న మాటకు ఉప్పునీటి మడుగని అర్థం. మడుగులు పూడి ఊళ్లయినా పేర్లలో నీరు ఆరలేదు.

పేర్లలోనే కాదు. 2023 డిసెంబరు 17, 18 తేదీలలో కురిసిన వాన మనకందరికీ గుర్తున్నది. కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో సుమారు 95 సెంటీమీటర్లు కురిసింది. తిరుచెందూరు నుంచి చెన్నైకి బయలుదేరిన రైలు శ్రీవైకుంఠం స్టేషనులో ఆగిపోయి, సుమారు 800 మంది ప్రయాణికులు చుట్టూ నీటి మధ్య చిక్కుకొన్నారు. పత్రికలలో ఆ ఛాయాచిత్రాలు చూసినప్పుడు మాకు జాయ్‌నర్, ఆల్చిన్‌ల మడుగులూ, కాల్డ్వెల్ చెప్పిన పాత తీరమూ గుర్తుకు వచ్చినవి. నీరు కొత్తచోటికి రాలేదు, తన పాత చిరునామాకే వచ్చింది. వరద తగ్గాక ఏరల్ దాపున ఒక రైతు తన ఇంటి గోడ మీద ఛాతీ ఎత్తున మట్టి గీత చూపించి, మా పాత ఊరు మేడు మీద ఉండేదండీ, మా నాన్న రోడ్డుకు దగ్గరని ఇక్కడికి దిగాడు, అన్నాడు. మేడు అంటే మెరకే.

ఇది తామ్రపర్ణివారి గొడవ గదా, మనకేమిటని కోవిల్‌పట్టి, విరుదునగరం చదువరులు అనవచ్చు. మనకూ ఒక నది ఉన్నది. సాత్తూరు పక్కన పారే వైప్పారు. సంవత్సరంలో చాలా నెలలు ఇసుకే పారుతుంది కనుక దానిని నది అనడానికి మన పిల్లలు ఒప్పుకోరు. ఆ వైప్పారు గట్టున వెంబకోట్టైలో 2022 మార్చిలో తవ్వకం మొదలయింది. ఒకే మెరకలో చిన్న రాతి పనిముట్లు, వాటితోపాటు శంఖపు గాజులు దొరికినవి. శంఖం మన్నారు సింధుశాఖ సరుకు. అంటే సముద్రపు అంచునున్న మడుగులవారికీ, లోపలి నల్లరేగడివారికీ సంబంధం ఈనాటిది కాదు. నదులు నీరు మోయని నెలలలో మనుషులకు దారి ఇస్తవి.

ఈ సీమకు మనము వచ్చిన కథలోనూ ఒక నది ఉన్నది. తురకల భయానికి పారిపోయి వస్తూంటే దాటరాని ఏరు అడ్డువచ్చిందనీ, ఒడ్డునున్న కానుగచెట్టు వంగి వంతెనయిందనీ మన కులాలలో కొందరి పెద్దలు చెప్పుకొనే గాథ. చరిత్ర అంటే విజయనగరమూ, మధుర నాయకులూ, పాళెగాండ్రూ అని మనము రాసుకొంటాము. ఆ గాథ చెప్పినవారికి గుర్తున్నది మాత్రం ఏ రాజూ కాదు, ఆ యేటి లోతు. మీ సొంత ఊరేది అని నేటికీ మనలను అడుగుతూనే ఉంటారు. ఎన్ని తరాలైనా ఆ ప్రశ్న ఆగదు. కొర్కైవారిని అడిగితే వారు ఏ ఊరు చెప్పాలి? కొర్కై అనా, కాయల్ అనా, పున్నైకాయల్ అనా? తేరీ మీది మనిషిని అడిగితే వేలు సముద్రం వైపు చూపించేవాడు.

నల్లరేగడికి వచ్చిన మన పెద్దలకు ఇక్కడ సముద్రమూ లేదు, జీవనదీ లేదు. కనుక ఇక్కడివారితో కలిసి, ఇక్కడివారి పద్ధతిలోనే, పల్లం చూసి కట్ట వేసి చెరువులు నిలిపారు, ఉన్నవాటికి పూడిక తీశారు. తమిళంలో కణ్మాయి అనే ఈ చెరువు చేతితో చేసిన చిన్న చిత్తడే. కట్ట మీద చింతచెట్టు, లోపల తుంగ, నీరు తగ్గితే చేప, ఆయకట్టులో పిడికెడు వరి. ఊరు మాత్రం మెరక మీదనే. ఈ ఒక్క నియమం తేరీవారి నుంచి మన తాతల వరకు ఎవరూ తప్పలేదు.

తప్పినది మా తరమే. మాలో ఒకరి బంధువుల ఊరిలో చెరువు కడుపులో రాళ్లు పాతి, రంగుల కాగితాలు అచ్చువేసి, ఇళ్ల స్థలాలు అమ్మారు. కొన్నవారిలో మనవారూ ఉన్నారు. ధర తక్కువ, బస్టాండు దగ్గర. ఆ డిసెంబరు రాత్రి కోవిల్‌పట్టి వైపు కూడా కుండపోత కురిసింది. తెల్లవారేసరికి ఆ ఇళ్లలో బియ్యపు డబ్బాలు తేలినవి. పెళ్లినాటి పట్టుచీరలు, పిల్లల చదువు కాగితాలు, దేవుడి పటాలు అన్నీ బురదపాలు. ఆ ఇంటి ముసలమ్మ ఎవరినీ తిట్టలేదు. మా అత్తగారు ఇక్కడ బట్టలు ఉతికేదిరా అన్నది. ఆ మాట స్థలం కొనేటప్పుడు ఎవరూ ఆమెను అడగలేదు.

తేరీలు కూడా నిశ్చింతగా లేవు. ఇసుకకు గిరాకీ ఉన్న రోజులివి. ఎర్ర ఇసుకలో గోరంత రాతిబద్ద ఉంటే పారకు తెలియదు. బండిలో పోయిన ఇసుకతోపాటు అదీ ఏ పునాదిలోకో పోతుంది. మేము వెళ్లినచోట అరగంట వెదికితే ఒక్క నెలవంక బద్ద కనిపించింది. ఫోటో తీసి, ఉన్నచోటనే వదిలి వచ్చాము. మందుల దుకాణంవారు దానిని జేబులో వేసుకోవాలని చాలా ఆశపడ్డారు. ఎక్కడ దొరికిందో తెలియని బద్ద వట్టి రాయే అవుతుందని పంతులుగారు కోప్పడ్డారు.

వచ్చే మార్గశిరంలో ఎండ తగ్గినప్పుడు సంఘం పిల్లలతో మళ్లీ వెళ్లాలని అనుకొంటున్నాము. ఉదయం వెంబకోట్టై, మరునాడు ఆదిచ్చనల్లూరు, కొర్కై, సాయంకాలం తేరీ. రాదలచినవారు సంఘ కార్యదర్శికి ముందుగా పేర్లు ఇవ్వాలి. చెప్పులు గట్టివి వేసుకోవాలి, గొడుగు తప్పదు. కొర్కై చెరువు గట్టున మర్రినీడ ఉన్నది, భోజనాలకు అక్కడ ఆగవచ్చు. మేము తిన్నప్పుడు ఎదురుగా నీళ్లలో కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉన్నది. పులిహోర పొట్లాలు ముగిసేవరకు అది కదలలేదు.